మల్లేశం ఉస్తాద్ కొలత

గేర్ నూనె మాడిన వాసన నాకు ఇప్పటికీ పడదు. చేసేది బండ్ల పనే, రోజంతా చేతులు ఆ నూనెలోనే ఉంటాయి. అయినా అది వేడెక్కి, కారి, పొగలేచినప్పుడు వచ్చే వాసన వేరు. మొన్న జగిత్యాలలో నా షెడ్డు ముందు ఒక పాత పికప్ ఆగి, దాని కింది నుంచి ఆ వాసన గుప్పుమనగానే చేతిలో పానా అక్కడే పెట్టి బయటికి వెళ్లి నిలబడ్డాను. ఎండకు కళ్లు తిరిగాయేమో అనుకుని పనివాళ్లు నీళ్లు తెచ్చిచ్చారు. తాగాను. ఎండ కాదు, సిగ్గు. మల్లేశం ఉస్తాద్ గుర్తొస్తే ముందు ప్రేమ కలగాలి, అంతగా నేర్పిన మనిషి. నాకు మాత్రం ముందు సిగ్గు వస్తుంది. ప్రేమ దాని వెనకాల మెల్లగా నడిచొస్తుంది.

ఉస్తాద్ సిరిసిల్లలో నేత ఇంట్లో పుట్టి, మగ్గం ముందు కూర్చోనని మొండికేసి ఇనుము పట్టిన మనిషి. కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే రోడ్డు పక్కన ఆయన షెడ్డు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. పానా విసిరేసేవాడు, మళ్లీ తనే చెత్తలో వంగి వెతుక్కునేవాడు. షోకు కూడా ఎక్కువే. జుట్టుకు రంగు వేయనిదే ఇల్లు కదలడు, మెడ కింద తెల్ల రుమాలు లేనిదే బండి కింద పడుకోడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పనికి చుట్టుపక్కల ఆయన పేరే చెప్పేవారు. గేర్‌బాక్స్‌లో పుట్టిన తిరుగుడును వెనక చక్రాల దాకా మోసుకుపోయే ఇనుప గొట్టం అది. అది వంగితే కొత్త గొట్టం కోయించి వేయాలి, కోయించాలంటే ముందు కొలవాలి. ఆ కొలత దగ్గర ఆయనకొక పట్టు ఉండేది. ఖాళీ బండిని ఎప్పుడూ కొలవడు. దారిన పోయేవాళ్లను బతిమాలైనా, కసిరైనా బండి నిండా ఎక్కించి, అప్పుడు కిందికి దూరేవాడు. “ఉపాసమున్నోని నడుం కొలిచి మొలతాడు కడ్తమా? తిన్నంక తెంపుకుంటది” అనేవాడు.

నేను ఆయనకు మొదట బరువుగానే పరిచయమయ్యాను. అప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లతో కలిసి పసుపు చేలలో కూలికి పోయేదాన్ని. మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరికీ గుంటెడు భూమి లేదు. మా ఆయన మస్కట్‌లో ఉండేవాడు, నేనూ మా అత్తా ఇక్కడ. ఒక సాయంత్రం పని దిగి వస్తుంటే ఉస్తాద్ రోడ్డుకు అడ్డంగా వచ్చి, “అమ్మా, జెర బండెక్కి కూసోండ్రి, గింత కొలత తీస్కుంట” అన్నాడు. మాలో పెద్దది లచ్చవ్వ నవ్వుకుంటూ ముందు ఎక్కింది. అందరం ఎక్కాం. వచ్చేపోయేవాళ్లు మమ్మల్ని చూస్తూ పోతున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పొద్దంతా చేతులుగా పనికొచ్చాం, సాయంత్రానికి ఉప్పు బస్తాలుగా పనికొచ్చాం అనిపించింది. ఆ ఉక్రోషంతోనే దిగి, కిందికి వంగి అడిగాను, “మేమెక్కితే ఏమొచ్చింది, ఎక్కకపోతే ఏం పోయింది?” అని.

ఎవరైనా కసురుకుంటారు. ఆయన ముఖం విచ్చుకుంది. “గిది అడిగినోళ్లే లేరు ఇన్నేండ్ల సంది. కిందికి రా బిడ్డా, సూపిస్త” అన్నాడు. కొంగు నడుముకు చుట్టి బండి కిందికి పాకాను. ఆడవాళ్లను దిగమన్నాడు, మళ్లీ ఎక్కమన్నాడు. “సూసినవా? బరువు పడంగనే కమాన్ పట్టీలు అణిగి ఇరుసు మీదికచ్చింది. షాఫ్టు గేర్‌బాక్సు దిక్కు జరిగింది. గా జరిగేటందుకు జాగ ఇడువాలె. ఇడువకుంటె పోయి గేర్‌బాక్సును పొడుస్తది.” నేను చూశాను. నా వాళ్ల బరువుకు అంత పెద్ద ఇనుము కదలడం కళ్లారా చూశాను. మరుసటి వారం నుంచి కూలికి పోలేదు, ఆయన షెడ్డుకు పోయాను.

ఊరు నోరు మూసుకుంటుందా? పెళ్లైన పిల్ల, మొగుడు దేశంలో లేడు, పరాయి మగవాడితో బండి కింద పడుకుంటోందట అన్నారు. మా అత్త అన్నం పెట్టేటప్పుడు గిన్నె గట్టిగా కొట్టి పెట్టేది. ఉస్తాద్ చెవినా ఆ మాటలు పడ్డాయి. ఆయన టేపు రెండో కొస నాకు అందించాడు, అంతే. తిట్టుకుంటూనే అన్నీ నేర్పాడు. ఒక్కటే చెడ్డ గుణం. చెప్పిన మాట మళ్లీ చెబితే భగ్గుమనేవాడు. “ఒక్కపారి చెప్పినవు గద, ఇన్న. నా చెవులేమన్న చెడిపోయినయా?” అనేవాడు. అందుకని ఏదైనా ఒక్కసారే చెప్పడం నాకు అలవాటైంది.

తెలంగాణ ఉద్యమం ఊరూరా అంటుకున్న రోజులవి. బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవారు. కులమేదైనా అందరం ఒకే బంతిలో తింటున్నామని చెప్పుకునేవాళ్లం. జగిత్యాల రోడ్డు మీద పెద్ద వంటావార్పు పెట్టుకున్నారు. బియ్యం, గంగాళాలు, వంటవాళ్లను తీసుకుపోవడానికి కోరుట్లలో ఒకాయన తన పాత పికప్ ఇచ్చాడు. తాతల కాలం నాటి బండి. దాని షాఫ్ట్ వంగి ఉంది. “తెలంగాణ బండి నా చేతుల మీదికెల్లి పోతది బిడ్డా!” అని ఉస్తాద్ పొంగిపోయాడు. ఇక్కడి దుకాణాలు మూసి ఉంటే, సామాను కోసం సిరిసిల్లలో తెలిసినవాళ్ల దగ్గరికి పోతూ కొలత నన్ను తీసుకొమ్మన్నాడు. మొదటిసారి ఒక్కదాన్నే కొలవడం. లచ్చవ్వ వాళ్లను పిలిచి బండి నిండా ఎక్కించి కొలిచాను. నమ్మకం లేక దింపి ఖాళీగా ఒకసారి, మళ్లీ ఎక్కించి ఒకసారి కొలిచాను.

మర్నాడు పొద్దున సమ్మె కమిటీ పెద్దమనుషులు బండి చూసుకోవడానికి వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, మాటకొక జిందాబాద్. ఉస్తాద్ టేపు తీసి బండి కింద దూరబోతుంటే నేను అన్నాను, “కాకా, బరువు పెట్టి కొలిచిన. ఖాళీ బండి కంటే రెండు వేళ్లు తక్కువచ్చింది.” వాళ్లలో ఒకాయన నన్ను కింది నుంచి మీదికి చూసి, “ఈమెవలు ఉస్తాద్? ఉద్యమం బండి ఆడోళ్లతోని కొలిపిస్తున్నవా?” అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఉస్తాద్ ముఖం చూశాను. ఆ ముఖం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. “గట్లెట్ల అన్నా, ఈమె చాయ్ తేనీకె అచ్చింది” అన్నాడు. నా వైపు చూడకుండా, “పో బిడ్డా, అన్నలకు చాయ్ పట్కరాపో” అన్నాడు.

వెళ్లాను. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది, వెళ్లి చాయ్ తెచ్చాను. ఒక్కొక్కరి చేతికీ అందించాను. నేను అందిస్తుండగానే ఆయన ఖాళీ బండి కింద పడుకుని, తన జన్మలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఖాళీ బండినే కొలిచి, పైకి వినపడేలా గట్టిగా అంకె చెప్పాడు. నా కొలత ఒప్పుకుంటే నన్ను ఒప్పుకున్నట్టవుతుంది. ఇస్త్రీ చొక్కాలను బండెక్కి కూర్చోమని అడగలేడు. గొట్టం జగిత్యాల లేత్‌లో కోయించి తెచ్చాడు. బిగించేటప్పుడు నట్లు నేనే అందించాను. షాఫ్ట్ ముందుకు జరగడానికి వదిలిన సందు చాలదని చూస్తూనే తెలుస్తోంది. ఒకసారి చెప్పాను కదా అనుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. పగలనీ, అప్పుడు తెలుస్తుంది అని కూడా అనుకున్నాను.

పగిలింది. బియ్యం బస్తాలు, గంగాళాలు, వాటి మధ్య లచ్చవ్వా మా వాడకట్టు ఆడవాళ్లూ. ముందు డప్పులు, వెనక నేనూ ఉస్తాదూ కమిటీవాళ్లూ నడుస్తున్నాం. కల్వర్టు దగ్గర రోడ్డు దిగి ఎక్కే చోట బండి ఒక్కసారి కుంగింది. లోపల పెద్ద చప్పుడైంది, గేర్‌బాక్స్ తోక చీలి నూనె రోడ్డంతా పారింది. బండి గుంజుకుని ఆగేసరికి గంగాళం దొర్లి లచ్చవ్వ కాలి మీద పడింది. మోకాలు పగిలి రక్తం. డప్పులు ఆగిపోయాయి. చాయ్ తాగిన పెద్దమనిషే అరిచాడు, “ఎవడు కొలిచిండ్రా దీన్ని?”

ఉస్తాద్ నా వైపు చూశాడు. ఆడదానితో కొలిపించాను అంటే చాలు, అందరూ నమ్ముతారు. ఆయన ముందుకు నడిచి, “నేనే కొలిచిన. తప్పు నాది” అన్నాడు. ఆగి, మళ్లీ అన్నాడు, “ఈ పిల్ల మంచిగనే కొలిచి నాకు చెప్పింది, నేనే ఇనలే. చాయ్ తేనీకె అచ్చిందని మీతోని అబద్ధమాడిన. ఈమె నా దగ్గర మిస్త్రి.” వెనక ఎవరో నవ్వారు, ఆడదాని తెలివి కూడా లేకపాయె అన్నారు. చెమటకు ఆయన జుట్టు రంగు కరిగి చెంప మీద నల్లగా కారుతోంది, రుమాలు తీసి తుడుచుకోలేదు. అందరూ నన్ను చూస్తున్నారు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో! అది విన్నప్పుడు మాత్రం నేను లచ్చవ్వ మోకాలికి కొంగు చింపి కడుతూ, తలెత్తలేకపోయాను.

లచ్చవ్వ ఆ తర్వాత కుంటుతూనే పనికి పోయేది. నన్ను ఒక్క మాట అనలేదు, ఆమెకు తెలియదు కదా. ఉస్తాద్ దగ్గరికి బండ్లు తగ్గాయి. వచ్చిన ప్రతి మనిషికీ నన్ను చూపించి “మా మిస్త్రి” అని చెప్పేవాడు. అలా చెప్పినప్పుడల్లా నాకు చెంప మీద కొట్టినట్టుండేది.

రాష్ట్రం వచ్చాక ఆయన ఆరోగ్యం చెడి సిరిసిల్లలో తమ్ముడి ఇంట్లో మంచాన పడ్డాడు. చూడబోయాను. పక్కింట్లో మరమగ్గాలు ఆడుతున్నాయి, మాట వినపడాలంటే దగ్గరికి వంగాలి. జుట్టంతా తెల్లబడింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక అన్నాడు, “నట్లు బిగించేటప్పుడు నువ్వు గా సందు దిక్కు సూసినవు బిడ్డా. నేను నిన్ను సూసిన. ఇంకోపారి ఎందుకు చెప్పలే?” నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఆయనే చెయ్యి అడ్డం ఊపి, “నేనే చెప్పనియ్యలె గద. ఒక్కపారి కంటె ఎక్కువ ఇనే మనిషినా నేను?” అన్నాడు. నా పాపం కూడా ఆయనే తన లెక్కలో వేసుకున్నాడు. నేను వేసుకోనిచ్చాను. ఆ చలికాలంలోనే పోయాడు.

ఇప్పుడు నా షెడ్డులో పనివాళ్లు ఏది చెప్పినా, కొలత కానీ, నట్టు వదులైందని కానీ, విని ఊరుకోను. “ఇంకోపారి చెప్పు” అంటాను. చెప్పేదాకా చేతిలో పని ముట్టను. ఈమెకు చెముడు అని జగిత్యాలలో అందరూ అనుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్లు నా చెవి దగ్గరికొచ్చి అరుస్తారు. నాకు మొదటిసారే వినపడుతుంది.