జీరో నంబరు ప్లాట్‌ఫారం చివర

జపాన్ రమ్మని అక్క పిలిచినప్పుడు నాన్న అడిగిన మొదటి మాట, "బస స్టేషనుకి దగ్గరేనా?" అని.

అక్క అక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమంలో నర్సు. ఆమెకిచ్చిన గదిలో చుట్టాలను ఉంచుకోనివ్వరు. అందుకని క్యోటో స్టేషను ఎదుటి సందులో అమ్మకీ నాన్నకీ నాకూ కలిపి ఒక చిన్న హోటలు గది మాట్లాడింది. రోజూ పొద్దున్న స్టేషనుకి వెళ్ళాలి, ఏదో ఒక ఊరి బండి ఎక్కాలి, సాయంత్రానికి మళ్ళీ అక్కడికే రావాలి. తన సెలవు రోజున తనొచ్చి కలుస్తుంది. "తప్పిపోతే కంగారు పడకండి. స్టేషనెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు," అంది ఫోనులో.

నేను అడవి మధ్య ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో, రైల్వే కాలనీలో పుట్టి పెరిగాను. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న ఇనుపరాయి గూడ్సులు నడిపే లోకో పైలట్. మా లైన్లో రాయి ముందు, మనుషులు తరవాత. పాసింజరు బండి ఏ స్టేషన్లో ఎంతసేపు పడుంటుందో ఎవరూ చెప్పలేరు. నక్సలైట్ల గొడవల వారాల్లో దంతెవాడ దాటి అసలు రాదు. అందుకే అమ్మ పక్క ఊరికి బయలుదేరినా రోజంతటికీ తిండీ నీళ్ళూ కట్టుకుంటుంది.

నారా అనే ఊరికి వెళ్ళిన రోజు కూడా అటుకులు, బెల్లం, రెండు సీసాల నీళ్ళు సంచిలో పెట్టుకుంది. సీసా మూత తియ్యకముందే ఊరొచ్చేసింది.

"ఇదేటే, కూకోగానే దిగీమంటారు," అంది అమ్మ, మోసపోయినట్టు.

నారాలో జింకలు రోడ్డు మీద తిరుగుతాయి. మా అడవిలో జింక కనబడిందంటే అది అప్పటికే పారిపోతోందని అర్థం. ఇక్కడివి వచ్చి అమ్మ సంచిలో మూతి పెట్టాయి. అమ్మ సంచిని గుండెకు హత్తుకుని, "పో, పోయే, నీకేటి పని నా అటుకుల్తోటి," అని తెలుగులోనే తిట్టింది. చెట్ల కింద నిలబడి ఉన్న మందను చూసి నాన్న, "మేకలు కూడా పెంచుతారేటి వీళ్ళు?" అన్నాడు. మేమిద్దరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

నిజానికి నాన్నకు గుళ్ళ మీద గాని జింకల మీద గాని ధ్యాస లేదు. ఆయన చూడ్డానికి వచ్చింది క్యోటో స్టేషనునే. అక్కడ ప్లాట్‌ఫారం నంబర్లు సున్నాతో మొదలవుతాయి. సున్నా తరవాత రెండు. "ఒకటో నంబరు ఎవడు పట్టుకుపోనాడమ్మా?" అని మొదటి రోజు నన్ను ఊరంతా వెతికించినంత పని చేశాడు. ఆ సున్నా ప్లాట్‌ఫారం చాలా పొడుగు. ప్రతి సాయంత్రం తిరిగొచ్చాక హోటలుకి పోకుండా దాని చివరిదాకా నడిచేవాడు. అమ్మ కాళ్ళు నొప్పులని బెంచీ మీద కూర్చునేది. నేను ఆయన వెంట వెళ్ళేదాన్ని.

అక్కడి డ్రైవర్లు బండి కదిలించే ముందు తెల్లటి గ్లవ్సు వేసుకున్న చేతిని సిగ్నలు వైపు చాచి, అది ఏం చూపిస్తోందో పైకి చెప్తారు. పక్కన ఎవరూ లేకపోయినా చెప్తారు. మొదటిసారి చూసినప్పుడు నాన్న ముఖం వెలిగిపోయింది.

"ఇది మనదే కదమ్మా. మేమూ ఇలగే."

మా లైన్లో ఇంజిన్లో ఇద్దరుంటారు. అసిస్టెంటు సిగ్నలు రంగు పైకి చెప్తాడు, పైలట్ తన కళ్ళతో చూసి, చెయ్యెత్తి, అదే మాట తిరిగి చెప్తాడు. ఇద్దరి మాటా కలిస్తేనే బండి సాగుతుంది. చిన్నప్పుడు అక్కా నేనూ క్వార్టరు వసారాలో ఆడుకున్న ఆట ఇదే. నాన్న ఇప్పుడు నన్ను అసిస్టెంటును చేశాడు. స్టార్టరంటే స్టేషను నుంచి బండి కదలడానికి దారిచ్చే సిగ్నలు. నేను "స్టార్టర్ రెడ్" అంటే, ఆయన చెయ్యెత్తి "స్టార్టర్ రెడ్". నలుగురిలో గొంతెత్తాలంటే నాకు ప్రాణం పోతుంది. కాని ఆ చివర ఎవరూ ఉండరు, ఉన్నా మా భాష రాదు. హాయిగా అరిచేదాన్ని.

నారా నుంచి వచ్చిన సాయంత్రం ముసురు పట్టింది. నేను కొంచెం పక్కకు నిలబడ్డాను. ఏ పట్టాకి ఏ సిగ్నలో చూసుకోలేదు. వెలుగుతున్నదాన్ని చూసి, "స్టార్టర్ గ్రీన్," అన్నాను.

నాన్న చెయ్యెత్తాడు. "స్టార్టర్ గ్రీన్."

మా ముందున్న బండి కదల్లేదు. మళ్ళీ చూశాను. నేను చూసింది అవతలి లైను సిగ్నలు. నాన్న చెయ్యి చాచి చూపిస్తున్నది మాత్రం మా ఎదురుగా ఉన్నది. అది ఎర్రగా వెలుగుతోంది.

"నాన్నా, అది రెడ్డు."

ఆయన చెయ్యి వెంటనే దించలేదు. "నువ్వు గ్రీనన్నావు కదా. నేనూ అన్నాను," అన్నాడు మామూలుగా.

ఆ రాత్రి డైరీలో జింకల గురించే రాశాను.

మా లైను మీద చీకటి పడ్డాక గూడ్సును నెమ్మదిగా నడుపుతారు. ముందు పట్టా ఉందో, ఎవరైనా ఊడదీశారో కళ్ళతో చూసుకుంటూ పోవాలి. అదే లైను మీద పాసింజరూ వస్తుంది. అందులో వైజాగు ఆసుపత్రికి పోయేవాళ్ళు, చదువుకునే పిల్లలు, మా వీధివాళ్ళు ఉంటారు. ఆ సాయంత్రం దాకా నాన్న నడిపే బండి గురించి నేనెప్పుడూ భయపడలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన ప్లాట్‌ఫారం చివర నిలబడి నాకోసం ఎదురుచూశాడు. నేను నోరు తెరవలేదు.

"చెప్పమ్మా."

"ముందు నువ్వు చెప్పు నాన్నా."

ఆయన సిగ్నలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. బండి వచ్చింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళిపోయింది. "చలేస్తంది, పద," అన్నాడు.

రెండు రోజుల తరవాత అక్క వచ్చింది. స్టేషను లోపల కొండెక్కినట్టుండే పొడుగాటి మెట్లున్నాయి. జనం వాటి మీద కూర్చుని తింటూ ఉంటారు. మేమూ కూర్చున్నాం. నాన్న కాఫీకి వరసలో నిలబడ్డప్పుడు అక్క చెవిలో చెప్పేశాను. ఆయన రాగానే అక్క ఎదురుగా ఉన్న పెద్ద బోర్డు చూపించి, "నాన్నా, ఒసాకా బండి ఏ రంగు అక్షరాల్లో ఉంది?" అంది.

"నాకు జపాను భాష ఎక్కడొచ్చే?"

"భాష కాదు. రంగు చెప్పు."

నాన్న కాఫీ ఊదుకున్నాడు. సమాధానం అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. "ఊరు చూపిస్తానని పిలిచి డాక్టరమ్మవయిపోనావేటే? ఆయనకేటయింది, వయసు కాదా?"

"అమ్మా, నీకు తెలుసా?"

అమ్మ పైటకొంగు సర్దుకుంది. తెలుసు. కాలనీ గేటు దగ్గర మనిషి పలికితే తప్ప ఆయన పోల్చుకోవట్లేదని ఎప్పుడో గమనించింది. "మెడికలు పరీక్ష వచ్చే ఎండాకాలానికి గాని లేదు. అప్పుడు చూసుకుందాం. ఇప్పుడు చెప్తే ఇంజిన్ మీంచి దించీసి ఆపీసులో ఫైళ్ళు మోయిస్తారు. ఇన్నేళ్ళు బండి నడిపినోడు ఫైళ్ళు మోస్తాడా?"

"శుక్లమో, షుగరు వల్ల కంటి నరం దెబ్బతిందో, చూపిస్తేనే తెలుస్తుంది," అంది అక్క. "బాగవ్వచ్చు కూడా."

"కళ్ళు బాగయితే అయితాయి. మళ్ళీ ఇంజినెక్కిస్తారని రాసిస్తావేటి?"

నాన్న అప్పుడు నోరు విప్పాడు. "బండి నేనొక్కడినే నడపను కదా. పక్కన అసిస్టెంటుంటాడు. వాడు చెప్తాడు."

ఎవరూ అడక్కుండానే నేను మాట్లాడాను. "నేను తప్పు చెప్పాను నాన్నా మొన్న. నువ్వూ అదే చెప్పావు."

ఆయన నన్ను చూడలేదు. కప్పు ఖాళీ అయినా చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. మిగిలిన రోజుల్లో అక్క రాసిచ్చిన ఊళ్ళన్నీ తిరిగాం. ప్రతి సాయంత్రం అదే స్టేషనులో దిగి సరాసరి హోటలుకి వెళ్ళిపోయాం. ప్లాట్‌ఫారం చివరికి ఆయన మళ్ళీ వెళ్ళలేదు. "చూసిందే కదా," అన్నాడు.

కిరందుల్ వచ్చిన మూడోనాటి పొద్దున్న డ్యూటీ కోసం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అమ్మ వంటింట్లో ఉంది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెట్టాను. ఆయన ఊ కొట్టి ఫోను పెట్టేస్తే, టిఫిను డబ్బా కట్టడమే మిగులుతుంది.

"హా సాబ్," అన్నాడు నాన్న. అవతలి మాట పూర్తిగా విన్నాడు. "నహీ సాబ్. గాడీ నహీ లూంగా. మెమో బనా దీజియే. ఆంఖ్ దిఖానా హై."

బండి తీసుకోను, కళ్ళు చూపించుకోవాలి, ఆసుపత్రికి మెమో రాయండి. అవతలివాడు ఏదో హాస్యమాడినట్టున్నాడు, నాన్న మర్యాదకి నవ్వాడు.

వంటింట్లో పొయ్యి ఆర్పిన చప్పుడైంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆయన్ని ఒక్క మాటా అనలేదు. నన్ను అడిగింది: "ఇప్పుడు నీకు తృప్తిగా ఉందేటి?"

లేదు. భయం తగ్గింది, అంతే. ఆ తగ్గడం కూడా నిలవలేదు, నాన్న యూనిఫారం విప్పకుండానే వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోను రాకముందే వేసుకుని ఉన్నాడని అప్పుడు చూశాను.

మధ్యాహ్నానికి ఆయన నడపాల్సిన రాయి బండి క్వార్టర్ల వెనకనుంచి వెళ్ళింది. గూట్లోని గ్లాసులు ఎప్పటిలాగే గలగలమన్నాయి. నాన్న తల తిప్పలేదు, చెవితోనే విన్నాడు.

"ఎవడో కొత్తోడు," అన్నాడు. "హారను ఎక్కువ కొట్టీస్తన్నాడు."

చివరి పెట్టె దాటింది. తరవాత అమ్మ ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, బీరకాయలు చెక్కు తీయడం మొదలుపెట్టింది.