నయమైందని ఎవరు రాసివ్వాలి

ఆ ఏడు తెలంగాణ కోసం జరిగిన సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. జగిత్యాలలో నేను పనిచేసే కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చేవాళ్లు తగ్గారు. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కిటికీ దాకా వెళ్లి రోడ్డు మీది ఊరేగింపు చూసి, మళ్లీ కుర్చీలోకి వచ్చేదాన్ని. అలాంటి ఒక పొద్దున సిరిసిల్ల నుంచి ఒకామె ఆటోలు మారి మారి వచ్చింది. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయన జైలు నుంచి అచ్చిండు మేడం. పక్కింటి చిన్న పిల్ల మీద చెయ్యేసిండని శిక్ష వడ్డది. గిప్పుడు ఇంట్లకు అస్తనంటున్నడు. నాకు బిడ్డ ఉన్నది."

కొంగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కోరుట్లలో మనోవైద్యం చేస్తానని బోర్డు పెట్టుకున్న ఒకాయన రాసిచ్చింది. ఈ మనిషికి పూర్తిగా నయమైంది, కుటుంబంతో ఉండవచ్చు అని ఉంది. కింద గుండ్రటి ముద్ర.

"పెద్దమనుషులు ఇంకో సంతకం కావాలన్నరు. మీరు సంతకం వెడితే ఇంట్లకు రానియ్యాలెనట. పెడ్తరా మేడం?"

పెట్టమంటుందో, వద్దంటుందో ఆ గొంతులో నాకు తెలియలేదు. రెండు రోజులు ఆగమని పంపించాను.

నేను సైకాలజీలో ఎమ్మే చేశాను. ఇంటి గొడవలు, తాగుడు మాన్పించడం వరకే నా పని. చదువుకునే రోజుల్లో ఒక మాట చదివాను: కొన్ని దేశాల్లో లైంగిక నేరాలు చేసినవాళ్లకు చికిత్స చేయాలంటే ప్రభుత్వం దగ్గర విడిగా లైసెన్సు తీసుకోవాలట. దానికి ముందు అనుభవమున్న వైద్యుల పర్యవేక్షణలో పనిచేయాలి. లైసెన్సు వచ్చాక కూడా "నయమైంది" అని రాయకూడదు, ప్రమాదం ఎంత ఉందో మాత్రమే చెప్పాలి. మన దగ్గర అలాంటిది ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఆరోగ్యశాఖ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, "అందరు సమ్మెల ఉన్నరు మేడం. తెలంగాణ అచ్చినంక చెయ్యున్రి," అని పెట్టేశారు.

మనసు నిలవక మర్నాడు కోరుట్ల వెళ్లాను. దారిలో రాస్తారోకో. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. ఆటో దిగి, వాళ్లను దాటి, అవతల ఇంకో ఆటో ఎక్కాను.

ఆ వైద్యుడు మర్యాదగానే కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు.

"ఆయన చేసిన పని గురించి అడిగారా?" అన్నాను.

"పాతయి తవ్వుడెందుకు మేడం? దేవుని ఫోటో ముందర ఒట్టు వెట్టిచ్చిన. నిద్ర గోళీలిచ్చిన. మంచిగైండు."

"ఈ చికిత్స చేయడానికి మీకు లైసెన్సు ఉందా?"

ఆయన నవ్వాడు. "గీ పనికి లైసెన్సు ఏడ ఇస్తరో చెప్పున్రి, రేపే పోయి తెచ్చుకుంట. మీకున్నదా?"

"లేదు. అందుకే నేను సంతకం పెట్టను."

బయటికి వచ్చి ఆటో కోసం నడిచాను. నేను పెట్టకపోతే ఇంకెవరో పెడతారు. ఆ ఆలోచన వదలక, అటునుంచి అటే సిరిసిల్ల బయల్దేరాను.

ఆమె బావగారి ఇంటి అరుగు మీద పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. ఆమె గుమ్మంలో నిలబడింది. భర్త ఓ మూలన తల దించుకుని ఉన్నాడు. నేను సూటిగానే చెప్పాను: కోరుట్ల కాగితం రాసినాయనకు ఆ అర్హత లేదు, నాకూ లేదు. ఈయన మారాడో లేదో నేను చెప్పలేను. అమ్మాయిని ఈయనతో ఒంటరిగా వదలొద్దు.

"శిక్ష అయిపోయింది గదమ్మా. ఇంక గాయిన ఎట్ల బతుకాలె?" అన్నాడొక పెద్దాయన.

నేను జవాబు చెప్పేలోపే ఆమె భర్త తలెత్తాడు.

"గా గోళీలేసుకుంటే నిద్రస్తది. గంతే. మారిన్నో లేదో నాకే తెల్వదు," అన్నాడు. "బిడ్డను దూరమే ఉంచున్రి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లోంచి ఏడుపు వినిపించింది.

సమ్మె ముగిశాక అతన్ని కరీంనగర్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. ఇలాంటి కేసు తాను ఎప్పుడూ చూడలేదని ఆయన ముందే చెప్పాడు. ఆ మాట అన్నందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. అతను ఇంటికి పోకుండా మగ్గాల షెడ్డులోనే పడుకుంటూ కొన్ని నెలలు ఆ వైద్యుడి దగ్గరికి వెళ్లివచ్చాడు. తర్వాత పనికోసం మహారాష్ట్రలోని భివండి పోయాడు. అక్కడ అతని చుట్టుపక్కల ఎవరి పిల్లలున్నారో, వాళ్లను ఎవరు హెచ్చరించారో అని నేను చాలాకాలం స్థిమితంగా ఉండలేకపోయాను. రాష్ట్రం వచ్చింది. నేను ఉద్యోగం మాని హైదరాబాద్ వెళ్లి క్లినికల్ సైకాలజీ శిక్షణ తీసుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఈ నేరాలు చేసినవాళ్లకు చికిత్స చేయడానికంటూ మన దగ్గర విడిగా ఏ లైసెన్సూ లేదని అక్కడే తేలింది.

ఆ తర్వాత ఒకసారి సిరిసిల్ల బస్టాండులో ఆమె ఎదురైంది. కూతురు ఇంటర్ చదువుతోందట.

"ఫోన్ చేస్తడక్కా. బిడ్డతోని మాట్లాడుతనంటడు. నేనియ్య," అంది. బస్సు వచ్చే వైపు చూస్తూ, "తప్పు చేస్తున్ననా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుంది.