నిద్రించాడంట

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుంది. దించుకోలేకపోయాను. సంతకం తప్ప నాకు రాయడం రాదు, చెప్పి రాయిస్తున్నాను. మీరు వినండి, చాలు.

కార్గిల్ యుద్ధం నాటికి మా ఊరికంతా ఒకటే ఫోను, కొత్తవలస రోడ్డు పక్కన మా అయ్య కిరాణా కొట్టులో. అక్కడ కూర్చునేది నేనే. దావీదు మిషను హాస్టల్లో పెరిగిన అనాథ, మిలటరీలో చేరాడు. సారమ్మతో అతని పెళ్లి ప్రకటన చర్చిలో చదివేశారు కూడా. అంతలో సెలవు రద్దయి వెనక్కి పిలిచారు. సారమ్మ నా స్నేహితురాలు. దావీదంటే నాకు ప్రాణమని ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. దావీదుతో పనిచేసే బొబ్బిలి సిపాయి.

"కంగారు పడకండమ్మా. కాలికి తూటా తగిలినాది. ఆపరేషనయిపోనాది. మందిచ్చినారు, నిద్రపోతన్నాడు."

ఫోను పెట్టేసరికి సారమ్మ గుమ్మంలో ఉంది, చేతులనిండా పిండితో.

"ఏటన్నారే? సెప్పవే!"

"నిద్రించాడంట."

మా చర్చివాళ్లం ఆ మాట బతికున్నవాళ్లకు వాడం. చనిపోయినవాళ్లనే ప్రభువునందు నిద్రించారంటాం. ప్రతి సమాధి మీదా అదే ఉంటుంది. నోరు జారిందా? జారిందనే అనుకుంటాను, కొన్ని రోజులు. కానీ ఆమె గుమ్మంలోనే కూలబడిపోతే, అది కాదే, బతికే ఉన్నాడే అనడానికి ఎంతసేపు పడుతుంది? మంచినీళ్లు తెచ్చి తాగించాను. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు.

దావీదు గురించి ఆరా తీయడానికి అయినవాళ్లెవరూ లేరు. సారమ్మ ఏడుపు చూడలేక వాళ్ల మావ శ్రీకాకుళం తీసుకుపోయి పెళ్లి చేసేశాడు. చాలా నాళ్లు ఆసుపత్రిలో ఉండి దావీదే ఫోను చేశాడు.

"సారమ్మని పిలవే."

"దానికి పెళ్లయిపోనాది బావా."

అప్పటికది నిజమే. నిజమే కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

కుంటుకుంటూ ఊరికొచ్చాడు. లైను బాగోలేదు, తప్పుగా విన్నానని అందరి ముందూ ఏడ్చాను. నమ్మారు. సారమ్మ కూడా, "నీ తప్పేటుందే, పిచ్చిదానా" అంది. తరవాత దావీదు నన్నే చేసుకున్నాడు. మంచివాడు. అతను నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూసుకునేదాన్ని.

మొన్న అతని శవపెట్టె పక్కన నిలబడి పాస్టరుగారు, "మన సహోదరుడు ప్రభువునందు నిద్రించాడు" అన్నారు. బస్సెక్కి వచ్చిన సారమ్మ నా చెయ్యి పట్టుకుని, చెవిలో అడిగింది.

"ఈసారి నిజమేనేటే?"

తలూపాను. అంతే చేయగలిగాను. క్షమించమని ఎవర్నీ అడగను.

సారమ్మా, ఆ రోజు లైను బాగుంది. ప్రతి మాటా వినబడింది.