పాట కింద పేరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో మా ఆడియో కంపెనీ నన్ను హైదరాబాదు నుంచి విజయవాడ బ్రాంచికి రైట్స్ మేనేజరుగా బదిలీ చేసింది. గవర్నరుపేటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. రైట్స్ మేనేజరంటే పాటలు చేసేవాణ్ణని మా బంధువులు చాలాకాలం అనుకున్నారు. కాదు మొర్రో అన్నా వినేవాళ్లు కాదు. పాట ఎవరిదో తేల్చి, ఆ సంగతి కాగితం మీద పెట్టించడమే నా పని.

పాటలో రెండు హక్కులుంటాయి. మాటలూ బాణీ కలిసి ఒకటి, దాన్ని పాడి రికార్డు చేసిన శబ్దం మరొకటి. ఫోన్లలో వినిపించే యాప్‌లకు పాట పంపేముందు, రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, వచ్చేదాంట్లో ఎవరికెంత అన్నది రాయించి అందరి సంతకాలూ తీసుకుంటాం. ఆ కాగితాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. సినిమావాళ్లతో ఈ పని సులువు, ఎవరి పని వారిదే కాబట్టి. బ్యాండులతోనే చిక్కు. అందరూ ఒకచోట కూర్చుని వాయిస్తుంటే పాట తయారవుతుంది. నా దరువు లేకపోతే ఈ బాణీ ఇలా నడిచేది కాదని డ్రమ్ములవాడంటాడు. మొదటి మెట్టు నాదని కీబోర్డువాడంటాడు. తగువెందుకని చాలామంది అన్నీ సమానంగా పంచేసుకుంటారు.

ఆ ఏడాదే నా దగ్గరికి ఒక క్రైస్తవ బ్యాండు వచ్చింది. నలుగురు. కరుణ పాడుతుంది, స్కూల్లో తెలుగు టీచరు. ప్రశాంత్ డ్రమ్స్ వాయిస్తాడు. మిగతా ఇద్దరు అన్నదమ్ములు, గిటారు, కీబోర్డు. ప్రశాంత్ వాళ్ల నాన్నకు ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ఆదివారం సుత్తుల మోత ఉండదు కనుక, చర్చి అయ్యాక ఆ షెడ్డులోనే వీళ్ల ప్రాక్టీసు. ఆయన వీళ్లకు టీలు తెప్పించి, రేకుల మధ్య స్టూలు వేసుకుని వినేవాడట. ఆయన హఠాత్తుగా పోయినప్పుడు కరుణ ఒక పాట కట్టి ఆయన భూస్థాపనలో పాడింది. ఆ పాటనే వీళ్లు రికార్డు చేయించి తెచ్చారు.

నేను అలవాటుగా అడిగాను, రాసిందెవరని. మేమేనండీ అన్నారు అందరూ. అందరూ కలిసి ఒక్క కలం పట్టుకున్నారా అని అడిగాను. నా నోరు కాస్త దురుసు. గిటారు అబ్బాయి నవ్వేసి, రాసిందీ బాణీ కట్టిందీ కరుణక్కేనని ఒప్పుకున్నాడు. అయితే ఆ పేరే పెట్టండి, డబ్బు మాత్రం మీ ఇష్టం, సమానంగానే పంచుకోండి, పేరు వేరు, వాటా వేరు అని విడమరిచి చెప్పాను. వాళ్లకు అది రుచించలేదు. ఆరాధన పాట కింద ఒక మనిషి పేరు వేసుకోవడం వాళ్ల లెక్కలో గర్వం. మహిమ దేవుడిదే అయినప్పుడు పాట నాదనడమేమిటని వాళ్ల పెద్దలు చెప్పి పెంచారు.

కరుణే తేల్చేసింది. "నా ఒక్కదాని పేరు వద్దండి. ప్రశాంత్ వాళ్ల నాన్నగారి కోసం వచ్చిన పాట. వాడి పేరు లేకపోతే నాకే బాగోదు."

సాహిత్యం గడిలోనూ, స్వరం గడిలోనూ నాలుగు పేర్లూ రాశారు. నాలుగు సంతకాలూ పడ్డాయి. వెళ్తూ వెళ్తూ కరుణ, ప్రశాంత్ భుజం తట్టడం చూశాను. అంత స్నేహంగా ఉన్న బ్యాండు మరొకటి నా ఆఫీసు మెట్లెక్కలేదు.

పాట మెల్లగా పాకింది. గుడివాడ, బందరు, రేపల్లె, ఎక్కడ ఏ భూస్థాపన జరిగినా అదే పాట. కరుణ పెళ్లై తెనాలి వెళ్లిపోయింది, బ్యాండు చెదిరింది. ప్రశాంత్ షెడ్డు చూసుకుంటూనే సభల్లో పాడడం మొదలుపెట్టాడు. పాడేవాడిదే పాట అనుకుంటారు జనం. మీ నాన్నగారి మీద మీరు రాసిన పాట పాడండి బ్రదర్ అని స్టేజి మీదికి పిలిచేవారు. అతను అవుననలేదు, కాదనలేదు. కొన్నేళ్లు అలా గడిచాక కాదనడానికి నోరు రాదు.

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు కరుణ ఆఫీసుకు వచ్చింది. గుర్తుపట్టలేకపోయాను. తలకు గుడ్డ కట్టుకుంది, మెట్లెక్కిన ఆయాసం తగ్గడానికే చాలాసేపు పట్టింది. క్యాన్సరు ఎముకలకు పాకిందని, డాక్టర్లు ఇక మందులు మార్చడం మానేశారని మామూలుగా చెప్పింది. ఆమెకొక పాప, ఇంకా అక్షరాలు దిద్దే వయసు.

"అప్పుడు వద్దన్నాను సార్, ఇప్పుడు అడుగుతున్నాను. వాటాలు అలాగే ఉంచండి, డబ్బు వద్దు. రాసింది నేనని మాత్రం మార్చండి. పాపకి నా గొంతు కూడా గుర్తుండదు. రేపు ఎక్కడో ఈ పాట వింటుంది కదా, కింద అమ్మ పేరు కనపడాలి."

పేరు మార్చడానికి మాకొక పద్ధతి ఉంది. మొదటి షీటు మీద ఉన్న ప్రతివారూ సవరణ కాగితం మీద సంతకం చేయాలి. ఒక్కరు చేయకపోయినా కంపెనీ దాన్ని ముట్టుకోదు. కోర్టుకు వెళ్లొచ్చు, కానీ ఆమెకు అంత వ్యవధి లేదు, తమ్ముళ్లలాంటివాళ్లను కోర్టుకీడ్చే మనసూ లేదు. ఆమె అక్కడే సంతకం పెట్టింది. అన్నదమ్ములిద్దరూ కబురందగానే వచ్చి పెట్టారు. చిన్నవాడు కళ్లు తుడుచుకుంటూనే పెట్టాడు.

ప్రశాంత్ రాలేదు. ఫోనెత్తలేదు. నేనే కాగితం పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. సగం కట్టిన బస్సు పక్కన నిలబడి అంతా విన్నాడు. కరుణ జబ్బు సంగతి అతనికి తెలుసు, రెండుసార్లు చూసి కూడా వచ్చాడట.

"సంతకం పెడితే ఇన్నేళ్లూ అబద్ధంలో బతికానని నేనే ఒప్పుకున్నట్టు సార్. మా ఆవిడక్కూడా అది నా పాటనే తెలుసు. మా నాన్న మీద నేను ఒక్క ముక్క రాయలేకపోయానని ఎవరికి చెప్పుకోను?"

నాకు ఒళ్లు మండింది. ఎవరికీ చాటింపు వేయనక్కర్లేదు, కాగితం మీద మారుతుందంతే అని గట్టిగానే చెప్పాను. కాస్త టైమివ్వండన్నాడు. టైము లేనిది నీకు కాదు అని వచ్చేశాను.

తెనాలి వెళ్లి కరుణకు ఏం చెప్పాలో తెలియక, ఇంకా పెట్టలేదన్నాను. వాణ్ణి తొందరపెట్టకండి, వాడు చెడ్డవాడు కాదు అంది. అంతకుమించి మాట్లాడే ఓపిక లేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే పోయింది.

భూస్థాపనకు వెళ్లాను. పెట్టె పక్కన అమ్మమ్మ కొంగు పట్టుకుని పాప నిలబడి ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, బ్రదర్ ప్రశాంత్ గారు తన తండ్రిగారిని తలుచుకుని రచించిన పాటను ఇప్పుడు వారే పాడతారని ప్రకటించారు. ప్రశాంత్ వెనకవరుసలో ఉన్నాడు. జనం దారిచ్చారు. ముందుకొచ్చి మైకు తీసుకున్నాడు.

"ఈ పాట నాది కాదండీ. అక్కే రాసింది. బాణీ కూడా అక్కదే."

అని ఏడ్చేశాడు. పాట పాడలేకపోయాడు, జనమే అందుకున్నారు. నా పక్కనున్న పెద్దాయన తల ఊపుతూ, "ఎంత తగ్గింపు గల మనిషండీ! రాసి కూడా తనది కాదంటున్నాడు," అన్నాడు.

నేనాయనకు చెప్పాను, నిజంగానే ఆవిడదేనని. ఆయన నాకేసి జాలిగా చూసి, మీకు తెలీదులెండి అన్నాడు.

ప్రశాంత్ ఆ వారంలోనే వచ్చి సంతకం పెట్టాడు. నా ఉద్యోగంలో నేను పంపిన చివరి సవరణల్లో అదొకటి. యాప్‌లో పాట కింద ఇప్పుడు కరుణ పేరొక్కటే ఉంది. వాళ్లాయనకు ఫోటో తీసి పంపాను, పాపకు చదవడం వచ్చాక చూపిస్తానన్నాడు. ప్రశాంత్ ఎక్కడ పాడినా ముందు ఆమె పేరు చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్లు అది అతని వినయమని మెచ్చుకుంటూనే ఉన్నారు. ఈ మధ్య మంగళగిరిలో ఒక సభ పోస్టరు చూశాను, ఆ పాట పేరు వేసి దాని రచయిత వస్తున్నారని అతని బొమ్మ వేశారు.

ఇప్పటికీ బ్యాండుల పిల్లలు ఎవరైనా సలహాకు వస్తే, అందరినీ కలిపి అడగను. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, రాసిందెవరని అడుగుతాను. డబ్బు మీకు తోచినట్టు పంచుకోండి, అది ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. పేరు మాత్రం పంచుకోవద్దు, పాట పుట్టిన రోజే రాయండి అంటాను. నాకొద్దు అనే మనిషి గుంపులో ఒకరు ఉంటారు. ముందు వాళ్ల పేరు రాయిస్తాను.