ఇప్పచెట్టు తూర్పు సగం

దయ్యం పట్టిందనీ, గాలి సోకిందనీ మా మరైగూడలో మంత్రగాడికి కోళ్లు ఇచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ వయసు వరకు ఒక్క కోడినీ ఇవ్వలేదు. జ్వరం వస్తే మాత్ర వేసుకున్నాను, భయం వస్తే పని పెట్టుకున్నాను. దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఈ సంగతి రాయాల్సి వచ్చింది.

మూడో తరగతితో ఆగిన చదువు నాది. రాతలో తప్పులుంటే మనవరాలు సరిత దిద్దుతుంది. జరిగినదాంట్లో మాత్రం దిద్దడానికి ఏమీ లేదు.

సరిత జగదల్‌పూర్‌లో యూనివర్సిటీలో చదివింది. ఆఖరి ఏడాది పిల్లలంతా ఒక వీడియో తీసి ఇవ్వాలి. కథ కాదు, ఉన్నది ఉన్నట్టు తీయాలి. ఏదైనా కల్పించి పెట్టారని తేలితే ఆ వీడియో చెల్లదు, పిల్ల పాసు కాదు. సరిత ఇప్పపువ్వు ఏరడం మీద తీస్తానంది. తోడుగా బచేలి నుంచి లత అనే స్నేహితురాలు వచ్చింది. లతవాళ్లది ఆంధ్రా వైపు.

మొదటి రోజు నన్ను మా చెట్టు కింద కూర్చోబెట్టి కెమెరా పెట్టారు.

"ఈ చెట్టు ఎవరిదండీ మామ్మగారూ?" అని లత అడిగింది.

"మాదే. మొత్తం మాదే" అన్నాను.

అది అబద్ధం. మా అత్త ఆ చెట్టును ఇద్దరు కోడళ్లకు పంచింది. మొదలుకు పడమర రాలింది నాది, తూర్పున రాలింది నా తోడికోడలు ముత్తమ్మది. ముత్తమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. పోయేముందు, "అక్కా, నా సగం నా బిడ్డకు ఇయ్యి" అని నాతోనే చెప్పింది. ఆ బిడ్డ నర్సమ్మను భేజ్జిలో ఇచ్చారు. అంత దూరం నుంచి పువ్వు కోసం ఏం వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని, రెండు వైపులా నేనే ఏరుకుంటున్నాను. ముత్తమ్మ అడిగిన సంగతి సరితకు తెలియదు.

మర్నాడు తెల్లవారగానే కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద తూర్పు వైపుకు తిప్పి పెట్టారు. గంటసేపు ముట్టుకోకుండా అలాగే నడవనిస్తామన్నారు. ఆకులు కాల్చి ఊడ్చిన నేల నల్లగా ఉంది, దాని మీద పువ్వు దట్టంగా పరుచుకుని ఉంది. పిల్లలు కెమెరా వెనక గట్టు మీద కూర్చుని నన్ను అడగాల్సిన ప్రశ్నలు రాసుకుంటున్నారు. నేను అటు వీపు పెట్టి ముందు పడమర ఏరాను.

అది అయ్యాక గంప ఎత్తుకుని ఇటు వచ్చాను. తూర్పున నేల బోసిగా ఉంది. మసి అంటిన పువ్వులు నాలుగు మిగిలాయి.

నాకు ఒళ్లు మండింది. "ముచ్చట్లు పెట్టుకుంట కూసున్నరు, మేకలు మేసి పోయినయ్. కండ్లు ఏడ పెట్టిన్రే?"

"మేకలు రాలే నానమ్మా. మేం ఈడనే ఉన్నం."

"రాకపోతే పువ్వు రెక్కలొచ్చి ఎగిరిందా?"

"కెమెరా ఉన్నది గదా, నువ్వే చూడు" అంది సరిత, మూతి ముడుచుకుని.

చూశాం. ఒక పువ్వు ఉంది, తరవాత లేదు. దాని పక్కది ఉంది, అదీ లేదు. చెయ్యి లేదు, మేక లేదు, గాలికి దొర్లడమూ లేదు. ఆ నేల మీదే చీమల బారు తెగకుండా నడుస్తోంది. నడుమ నా దగ్గు వినిపించింది. అప్పుడు దగ్గిన గుర్తు నాకుంది. చెట్టు నీడ కూడా ఎక్కడా దూకకుండా నెమ్మదిగానే జరిగింది. నేను మూడుసార్లు వేయించుకుని చూశాను.

పువ్వు పోయిన వరస కూడా చూశాను. తొక్కుతామని మేమందరం అంచు నుంచి లోపలికి ఏరుతాం. ఇక్కడ మాను దగ్గర మొదలై అంచుకు వచ్చింది. అలా ఏరేది ముత్తమ్మ ఒక్కతే. "పువ్వంత తొక్కుతున్నవే" అని ఎన్ని ఏళ్లు తిట్టినా మానలేదు. ఈ మాట పిల్లలతో అనలేదు. ఇంటికి వచ్చి పువ్వు ఎండబోసి, పొయ్యి అంటించాను.

కొన్నాళ్లకు సరిత ఫోన్ చేసింది. ఆ ముక్క కంప్యూటర్‌లో చేసిందని వాళ్ల సారు అంటున్నాడట. తీసెయ్యాలి, లేదా నిజమని చూపించాలి.

"తీసెయ్యి. దానితోని పనేంది?" అన్నాను.

"తీసేస్తే దొంగపని చేసిన్నని ఒప్పుకున్నట్టే గదా నానమ్మా. నేను తియ్య."

ఆ మొండితనం ఏ కడుపు నుంచి వచ్చిందో నాకు తెలుసు. మర్నాడు తెల్లవారి బస్సు ఎక్కాను.

సారు నెమ్మదస్తుడు. నన్ను కూర్చోమన్నాడు. నాకు వచ్చిన బజారు హిందీలోనే చెప్పాను: పువ్వు నిజంగానే పోయింది, నా గంపలోకి రాలేదు, మేకలు తిన్నాయని ఈ పిల్లను నేనే తిట్టాను.

ఆయన అంతా విని, "మాతాజీ, ఈ వీడియోలో మీరు చెప్పిన మిగతా మాటలన్నీ నిజమేనా?" అన్నాడు.

అవునంటే అయిపోయేది. అక్కడ ఎవరికీ తెలియదు. కానీ సరిత గోడకు ఆనుకుని నా వైపే చూస్తోంది. దాని చదువు నా మాట మీద ఆగి ఉంది.

"ఒకటి అబద్ధం" అన్నాను. చెట్టు పంచిన సంగతి, ముత్తమ్మ అడిగిన మాట, ఆమె ఏరే పద్ధతి, అన్నీ చెప్పాను. సరిత మొహం చూడలేదు. ఇదంతా కెమెరా ముందు మళ్లీ చెబుతారా అని సారు అడిగాడు. చెప్పాను.

"అయితే పువ్వు ఏరుకుపోయింది ఆమేనంటారా?"

"ఆ మాట నేను అనను సార్. పువ్వు పోయింది. నేను అబద్ధం చెప్పాను. రెండూ నిజమే. రెంటికీ ముడి వేసేంత చదువు నాకు లేదు."

ఆయన సరిత వైపు తిరిగాడు. ఏమీ తీసెయ్యొద్దనీ, నా రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి పెట్టమనీ, కారణం తెలియదని చివర రాయమనీ సరితకు చెప్పాడు. పిల్ల పాసయ్యింది. బస్టాండు దాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది గానీ, నా సంచి మాత్రం తనే మోసింది.

తరవాతి ఏడు పువ్వు రాలే ముందు నర్సమ్మకు కబురు పెట్టాను. రెండు గంపలతో దిగింది.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా పెద్దమ్మా?"

"వచ్చినవ్ గదా. ఎండ ఎక్కకముందే ఏరు."

భయపడి ఇచ్చానని మా కోడలు అంటుంది. అననీ. నలుగురూ చూసే వీడియోలో సగం చెట్టు నర్సమ్మదని చెప్పాను, చెప్పినదాన్ని చేశాను. ఆ ఏడు సరిత మళ్లీ అక్కడే కెమెరా పెట్టింది. నర్సమ్మ చేతులు తప్ప అందులో ఏమీ లేదు. మొదటి వీడియోను పెద్ద తెర మీద పెట్టి వీడియో పని తెలిసినవాళ్లు కూడా చూశారట, ఎక్కడా అతుకు దొరకలేదట. ఆ పొద్దున నా వెనక పువ్వు ఎట్లా పోయిందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసినట్టు చెప్పడం మాత్రం ఇక నా వల్ల కాదు.