శ్రీపాల్ పటేల్ మ్యూజియంల కమ్లీ కడియాలు

తొర్రూరు బస్టాండు ఎన్క సందుల అక్తర్ దుకాణం. పదిహేనేండ్లప్పుడు నాయిన పక్కన కూసొని పని నేర్చిండు, ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డడు. చుట్టుపక్కల తండాల ఆడోళ్లకు వెండి కడియాలు, కంటెలు చేసుడే ఆయన పని. పడుచు పిల్లలు వన్ గ్రామ్ గోల్డుకు మళ్లినంక కొత్తయి అడిగేటోళ్లు తగ్గిన్రు. పాతవాటికి మెరుగు పెట్టుకుంట బతుకుతుండు.

జనగామ శ్రీపాల్ పటేల్‌కు రెండు ఎలక్షన్లల్ల ఓడినంక సంస్కృతి మీద ప్రేమ పుట్టింది. గిరాకీ లేని తన ఫంక్షన్ హాలుకు సచ్చిపోయిన వాళ్ల బాపు పేరు పెట్టి మ్యూజియం చేసిండు. తండాలకు మనుషులను తోలి, ఫొటోలు తీసుకొని వాపసిస్తమని నగలు తెప్పిచ్చిండు. ఫొటోలు పేపర్లకెక్కినయి. నగలు అద్దాల పెట్టెలల్లకు ఎక్కినయి.

మెరుగు పెట్టనీకి అక్తర్‌ను పిలిచిన్రు. మూడో పెట్టె తెరిచేసరికి ఆయన చెయ్యి ఆగింది. గజ్జెల కడియాల జత. కింద చీటీ మీద, "పదిహేడవ శతాబ్దం. చేసినవారు తెలియదు" అని రాసి ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, పట్నంల చదువుకొని వచ్చి చీటీలు రాస్తున్న శశికళ దగ్గరికి పోయిండు.

"మేడం, గివి నేనే చేసిన. మా దిక్కు తండా పిల్ల కమ్లీ పెండ్లికి. ఇరవై ఆరేండ్లయితది."

సాక్ష్యమేందని ఆమె అడిగింది. ఎడమ కడియానికి ఒక గజ్జె చిన్నగుంటది, ఆ రోజు వెండి తక్కువ పడ్డదని చెప్పిండు. శశికళ భూతద్దం పెట్టి చూసింది. ముఖం ఎలిగింది. ఆ చిన్న గజ్జె క్షీణచంద్రునికి గుర్తని, ఆదిమ కళాకారుల తాత్విక దృష్టి అందులనే ఉన్నదని ఆయనకే ఇడమర్చి చెప్పి, చీటీల ఇంకో రెండు వాక్యాలు కలిపింది. తన తాత్విక దృష్టి గురించి అక్తర్‌కు అప్పుడే తెలిసింది. వెండి అరువు తెచ్చుకోనందుకు ఆ రోజు నాయిన తిట్టిన తిట్లు మాత్రం యాదికొచ్చినయి.

ఇంటికి పోంగ మనసు నిలువలే. కమ్లీకి ఫోన్ చేసి సంగతి చెప్పిండు. యాడాది సంది ఆమె ఆ కడియాల కోసం తిరుగుతనే ఉందట. అడిగినప్పుడల్లా ఫొటోలు ఇంకా తియ్యలేదంటున్నరట.

ప్రారంభం రోజు తండా ఆడోళ్లను ఆట కోసం బస్సుల తెచ్చిన్రు. వాళ్లల్ల కమ్లీ కూడా ఉంది. శ్రీపాల్ పటేల్ మైకు పట్టి తమ వంశం కళలను ఎట్ల కాపాడిందో చెప్తుంటే, ఆమె సక్కగ మూడో పెట్టె ముందుకు పోయి నిలబడ్డది.

"అక్తర్ అన్నా, జర తెరువు," అన్నది.

చాబీ మెరుగు పెట్టేటోని దగ్గరనే ఉండె. అక్తర్ ఒక్కసారి శ్రీపాల్ దిక్కు చూసిండు, ఒక్కసారి కమ్లీ దిక్కు చూసిండు. తాళం తీసిండు. ఆమె కింద కూసొని కడియాలు కాళ్లకు ఎక్కిచ్చుకొని, లేచి రెండడుగులేసింది. గజ్జెలు మోగంగనే ముఖ్య అతిథి సప్పట్లు మొదలువెట్టిండు. గిట్ల కళను సజీవంగ చూపించుడు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నడు. శ్రీపాల్ కూడా నవ్వుకుంట సప్పట్లు కొట్టక తప్పలే.

కమ్లీ ఆడుకుంట ఆడుకుంట గేటు దాటింది, బస్సెక్కి కూసున్నది.

అతిథులు పోయినంక శ్రీపాల్ పండ్లు కొరికిండు.

"ఎవర్నడిగి తాళం తీసినవ్?"

"సొమ్ము గల్లామె అడిగింది పటేలా, తీసిన," అన్నడు అక్తర్.

మళ్ల ఆయనను మెరుగుకు పిలువలే. అయితేంది, వారం తిరగకముందే మూడు తండాల ఆడోళ్లు దుకాణం ముందు కూసున్నరు. తమ కంటెలు, గాజులు కూడా ఆ పెట్టెలల్ల ఉన్నయని, ఎవరివి ఏవో గుర్తువట్టి చెప్పమని అడిగిన్రు. అక్తర్ దుకాణం మూసి వాళ్లతోని బస్సెక్కిండు. వాళ్లు జనగామల దిగేసరికి మ్యూజియం గేటుకు కొత్త బోర్డు ఉంది. కళాఖండాల సంరక్షణ కోసం నిరవధికంగా మూసినట్టు శశికళ అందమైన అక్షరాలతో రాసింది. ఆడోళ్లు దాని కిందనే సద్ది మూటలు ఇప్పుకొని కూసున్నరు. అక్తర్ కూడా వాళ్ల పక్కనే చెప్పులు ఇడిచి కూసున్నడు.