తక్కువ లైన్లు రాసి ఐదింటికే ఇంటికి

ఈ రోజు ఆఫీసులో నా మీద ఫిర్యాదు వచ్చింది. కోడ్ తక్కువ రాస్తున్నానట.

మాది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ. ఎవరెన్ని లైన్లు రాశారో చూసి పనిని కొలవడం మా వాళ్ళకు పాత అలవాటు. లారీల తూకాల రిపోర్టు తీసే ప్రోగ్రామ్‌ను పక్క సీట్ల వాళ్ళయితే సీ అనే పాత కంప్యూటర్ భాషలో పేజీలకు పేజీలు రాస్తారు. అందులో మెమరీ సంగతి కూడా మనమే చూసుకోవాలి. నేను రాసే పైథాన్‌లో ఆ చాకిరీ ఆ భాషే చేసిపెడుతుంది. నాకు ఒక్క పేజీలో, మధ్యాహ్నానికల్లా అయిపోయింది.

ఐదింటికి బ్యాగు తీస్తుంటే సెక్షన్ ఇన్‌ఛార్జి సింహాచలం ఆపాడు. మా ఖరిదా పేట మనిషి, నా చిన్నప్పటి స్నేహితుడు.

"ఏటి బావా, అప్పుడే ఎల్లిపోతన్నావు? పెద్దసారు లైన్లే సూస్తాడు. ఇంకో నాలుగు పేజీలు లాగించీరాదా!"

"రిపోర్టు సరిగ్గా వచ్చినాదా, లేదా?"

"వచ్చినాది. అయినా ఇప్పుడు ఇంటికాడ ఎవులున్నారని తొందర?"

అన్నాక తనే తల దించుకున్నాడు.

"ఎవులూ లేరు. అయినా ఎల్తాను," అని వచ్చేశాను.

నేను పైథాన్ నేర్చుకున్నది మా ఆవిడ మంచాన పడ్డప్పుడు. పని త్వరగా తెమిలితే సాయంత్రాలు ఆమె దగ్గర కూర్చోవచ్చని నేర్చుకున్నాను. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు.

మీ ఆఫీసుల్లో పనిని దేనితో కొలుస్తారో చెప్పండి. మా వాళ్ళు లైన్లతోనే కొలుచుకోనీ. ఆమె కోసం సంపాదించుకున్న సాయంత్రాలను, ఆమె లేదు కదా అని ఫ్యాక్టరీకి రాసివ్వను.